గొట్టం మారలేదు, గ్యాస్ మారింది



గ్యాస్ అంటే గ్యాసే కదా, అందులో నాణ్యత ఏమిటి, దానికి ప్రమాణాలేమిటి అని చాలామంది అడుగుతుంటారు. సహజవాయువు కంటికి కనిపించదు, దానికంటూ వాసన కూడా ఉండదు. వంటింట్లో మన ముక్కుకు తగిలే ఆ ఘాటు, లీకైతే తెలియాలని కలిపిన మందుది. కాబట్టి ఆ అనుమానం రావడం సహజమే. కానీ భూమిలోంచి వచ్చే గ్యాస్ ఒక్కో బావిలో ఒక్కో తీరుగా ఉంటుంది. ఎక్కువ భాగం మీథేన్. దానితో పాటు ఈథేన్, ప్రొపేన్, బ్యూటేన్ లాంటి బరువైన వాయువులు కొంత, నైట్రోజన్ కొంత, కార్బన్ డయాక్సైడ్ కొంత, నీటి ఆవిరి, కొన్నిచోట్ల గంధకం కలిసిన హైడ్రోజన్ సల్ఫైడ్. వీటిలో ఏది ఎంతవరకు ఉండవచ్చో రాసి పెట్టుకున్న హద్దులే నాణ్యతా ప్రమాణాలు.

ఆ హద్దుల్లోని అంకెలు మార్చినప్పుడు భూమిలో పాతిన గొట్టాలకు, వాటి అతుకులకు, వాల్వులకు, రెగ్యులేటర్లకు, మీటర్లకు ఏమవుతుంది? ఈ రోజు నేను మాట్లాడబోయేది దాని గురించే. ఇది ఇంజనీర్లు తమలో తాము చూసుకోవాల్సిన సంగతిగా చాలాకాలం నడిచింది. పైపు గ్యాస్ ఇప్పుడు మన వీధుల్లోకి, మన గోడల మీదికి వచ్చింది. అందుకే అందరూ వినాల్సిన మాట అని నా నమ్మకం.

ముందు బ్రిటన్ కథ చెబుతాను. ఈ విషయంలో అంత పెద్ద మార్పును అంత తక్కువ కాలంలో దాటిన దేశాలు అరుదు.

1960ల దాకా అక్కడి ఇళ్లకు వెళ్లింది బొగ్గు గ్యాస్. దాదాపు ప్రతి ఊళ్లోనూ ఒక గ్యాస్ ఫ్యాక్టరీ ఉండేది. బొగ్గును గాలి తగలకుండా బాగా వేడిచేసి గ్యాస్ తీసేవారు. అందులో సుమారు సగం హైడ్రోజన్, తర్వాత మీథేన్, ఆపైన పీలిస్తే ప్రాణం తీసే కార్బన్ మోనాక్సైడ్. ఆ గ్యాస్ తడిగా ఉండేది. తారు, బెంజీన్ తరహా నూనెల జాడ కూడా ఉండేది. 1964లో అల్జీరియా నుంచి ద్రవరూపంలో సహజవాయువు ఓడల్లో థేమ్స్ నది ముఖద్వారం దగ్గరి కాన్వీ దీవికి రావడం మొదలైంది. 1965లో ఉత్తర సముద్రంలో సొంత గ్యాసే దొరికింది. 1967లో అది ఒడ్డుకు చేరింది.

కొత్త గ్యాస్ శుభ్రమైనది. ఘనపుటడుగు చొప్పున చూస్తే పాతదానికి సుమారు రెట్టింపు వేడి ఇస్తుంది. కానీ దాని మంట నెమ్మదిగా పాకుతుంది. పాత బర్నర్‌లో పెడితే మంట బర్నర్‌ను వదిలి పైకి లేచి ఆరిపోతుంది. అందుకని 1967 నుంచి 1977 వరకు పదేళ్ల పాటు వీధి వీధికీ గ్యాస్ కట్టేసి, గొట్టాల్లో మిగిలిన పాత గ్యాస్‌ను బయట కాల్చేసి, కొత్తది ఎక్కించి, ఇల్లిల్లూ తిరిగి బర్నర్లు మార్చారు. కోటీ 30 లక్షలకు పైగా వినియోగదారులు, 4 కోట్ల దాకా పరికరాలు. ప్రపంచంలో ఇంజనీరింగ్ చరిత్ర రాసేవాళ్లు దీన్ని ఇప్పటికీ గౌరవంగా చెప్పుకుంటారు. చెప్పుకోవాల్సిందే.

అయితే ఆ లెక్కంతా ఇళ్లలోని పొయ్యిలది. వీధి కింద ఉన్న గొట్టం సంగతి వేరు.

పాత పోత ఇనుప గొట్టాల అతుకు ఎలా వేస్తారో కొంచెం ఊహించుకోండి. ఒక గొట్టం చివర మూతి వెడల్పుగా ఉంటుంది. రెండో గొట్టం కొసను అందులో దూరుస్తారు. చుట్టూ మిగిలిన సందులో జనపనార తాడును ఉలితో కొట్టి కొట్టి కూరతారు. దాని మీద కరిగించిన సీసం పోసి, చల్లారాక ఆ సీసాన్ని కూడా కొట్టి బిగిస్తారు. చూసేవాళ్లకు గ్యాస్‌ను ఆపుతున్నది సీసమే అనిపిస్తుంది. కానీ పైన బండ్లు తిరిగి తిరిగి, నేల కదిలి కదిలి, కొన్నేళ్లకు సీసం కాస్త వదులవుతుంది. అప్పుడు గ్యాస్‌ను పట్టి ఉంచేది లోపల ఉబ్బి కూర్చున్న నార. దాన్ని ఉబ్బించింది బొగ్గు గ్యాస్‌లోని తేమ, నూనె. పల్లెల్లో బోరింగు పంపు కొన్నాళ్లు వాడకపోతే లోపలి తోలు వాషరు ఎండిపోయి నీళ్లు ఎక్కవు. పైనుంచి చెంబుడు నీళ్లు పోసి నానబెట్టాకే పంపు పట్టుకుంటుంది. ఆ అతుకుల్లోని నారకూ అచ్చంగా అదే జరిగింది. ఉత్తర సముద్రం గ్యాస్ పొడి గ్యాస్. నారలోని తడిని అది నెమ్మదిగా పీల్చేసింది. నార ముడుచుకుంది. గ్యాస్ బయటికి రావడం మొదలైంది. పైగా కొత్త గ్యాస్‌ను పాతదానికంటే ఎక్కువ పీడనంతో పంపాల్సి వచ్చింది కాబట్టి, ఏర్పడిన సందులోంచి ఇంకా ఎక్కువే పోయింది.

ఇంకో సంగతి ఉంది. గొట్టం లోపలి గోడలకు తడితో అంటుకుని ఉన్న తుప్పు, ఎండిపోగానే పొడిగా రాలింది. ఆ పొడి గ్యాస్‌తో పాటు కొట్టుకుపోయి ఫిల్టర్లలో, పీడనం తగ్గించే గవర్నర్లలో చేరింది. వాల్వు సీటు మీద సన్నని దుమ్ము పొర చేరితే చాలు, ఆ వాల్వు పూర్తిగా మూసుకోదు. మీటర్ల లోపల ఉండే తోలు పొరలు కూడా ఎండాయి. వాటి స్థానంలో కృత్రిమ రబ్బరు పొరలు వచ్చాయి.

అప్పటి ఇంజనీర్లు చేసిన చికిత్స చూస్తే నాకు ముచ్చటేస్తుంది. గొట్టాలన్నీ తవ్వి మార్చడం ఒక్క రోజులో అయ్యే పని కాదు. అందుకని గ్యాస్‌నే మళ్లీ తడిపారు. కొన్నిచోట్ల నీటి ఆవిరి కలిపారు. చాలాచోట్ల ఇథిలీన్ గ్లైకాల్ అనే ద్రవాన్ని, అంటే కార్ల రేడియేటర్లలో కూలెంట్‌గా పోసేదాన్ని, పొగమంచులా చేసి గ్యాస్‌లోకి వదిలారు. అది నారను మళ్లీ ఉబ్బించింది. కానీ అది శాశ్వత వైద్యం కాదని వాళ్లకీ తెలుసు. 2002లో బ్రిటన్ ఇంకో అడుగు వేసింది. ఇళ్లకు, భవనాలకు 30 మీటర్ల లోపు ఉన్న ఇనుప గొట్టాలన్నిటినీ 30 ఏళ్లలో తీసేసి ప్లాస్టిక్ గొట్టాలు వేయాలని కార్యక్రమం పెట్టుకుంది. 1967లో మొదలైన మార్పు తాలూకు పని ఇంకా సాగుతూనే ఉంది. పొయ్యిలకు పదేళ్లు పట్టింది. గొట్టాలకు అరవై ఏళ్లు కావస్తోంది.

అది పాతకాలం నార, పాతకాలం సీసం, ఇప్పుడు అలాంటివి లేవు కదా అని ఎవరికైనా అనిపించవచ్చు. అమెరికాలో ఇరవై ఏళ్ల కిందట జరిగింది వినండి.

వాషింగ్టన్ నగరాన్ని ఆనుకుని మేరీల్యాండ్ రాష్ట్రంలో ప్రిన్స్ జార్జెస్ కౌంటీ ఉంది. 2003లో అక్కడికి దగ్గర్లోని కోవ్ పాయింట్ రేవు, విదేశాల నుంచి వచ్చే ద్రవ సహజవాయువును మళ్లీ దించుకోవడం మొదలుపెట్టింది. ఆ తర్వాత కొద్దికాలానికే ఆ కౌంటీలో గ్యాస్ లీకులు మామూలుకంటే బాగా పెరిగాయి. తవ్వి చూస్తే లీకవుతున్నవి ఇనుప గొట్టాలను కలిపే కప్లింగులు. కప్లింగులో గ్యాస్‌ను ఆపేది బోల్టులతో బిగించిన రబ్బరు రింగు. రబ్బరుకు ఒక గుణం ఉంది. గ్యాస్‌లో ఉండే బరువైన హైడ్రోకార్బన్లను అది కొద్దికొద్దిగా పీల్చుకుని ఉబ్బుతుంది. దశాబ్దాల పాటు అలా ఉబ్బిన రింగు, తన సందును నిండుగా పట్టి ఉంచుతుంది. ద్రవరూపంలోకి మార్చిన గ్యాస్‌లో ఆ బరువైనవి చాలావరకు ముందే తీసేసి ఉంటాయి. అది ప్రవహించడం మొదలవగానే రింగు పీల్చుకున్నదాన్ని తిరిగి వదిలేస్తుంది. కుంచించుకుపోతుంది. ఆ ముడుచుకోవడం వెంట్రుకవాసి ఉన్నా చాలు. చలికాలంలో ఇనుము కూడా ముడుచుకుంటుంది కాబట్టి, లీకులు ఎక్కువగా చలిలోనే బయటపడ్డాయి.

అక్కడి పంపిణీ సంస్థ, తేడా గ్యాస్‌దే అంది. రేవు విస్తరణకు అనుమతి ఇవ్వాల్సిన ఫెడరల్ నియంత్రణ మండలి, కారణం పాత కప్లింగులు, వాటికి అప్పట్లో పూసిన వేడి తారు, పెరిగిన పీడనం అంది. వ్యవహారం కోర్టు దాకా వెళ్లింది. ఇద్దరి వాదనలోనూ నిజం ఉందని నాకు అనిపిస్తుంది. కానీ ఇంజనీరుగా ఆలోచించేవాడు గమనించాల్సింది వేరే ఉంది. రేవు నుంచి వచ్చిన గ్యాస్ ప్రమాణాల హద్దుల్లోనే ఉంది. ఏ పరీక్ష పెట్టినా నెగ్గేది. లోపం గ్యాస్‌లో లేదు, ప్రమాణం రాసిన కాగితంలోనూ లేదు. ఆ రింగు ఎన్నేళ్లుగా ఏ గ్యాస్ పీల్చి బతికిందో ఆ కాగితంలో ఎక్కడా రాసి లేదు. చివరికి ఆ సంస్థ, రింగులను మళ్లీ ఉబ్బించడానికి హెక్సేన్ అనే బరువైన హైడ్రోకార్బన్‌ను గ్యాస్‌లో కలపాల్సి వచ్చింది. బ్రిటన్‌లో గ్లైకాల్ చేసిన పనే ఇక్కడ హెక్సేన్ చేసింది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పాలి. వాబీ సంఖ్య అని ఒకటి ఉంది. గ్యాస్ ఇచ్చే వేడిని, గాలితో పోల్చిన దాని సాంద్రత వర్గమూలంతో భాగిస్తే వచ్చేది అది. ఒకే రంధ్రం, ఒకే పీడనం ఉన్న బర్నర్‌లోంచి ఎంత వేడి వస్తుందో అది చెబుతుంది. రెండు గ్యాసుల వాబీ సంఖ్య ఒకటే అయితే పొయ్యి ఇచ్చే వేడిలో తేడా ఉండదు. బ్రిటన్‌లో ఆ సంఖ్యకు కింది హద్దు 47.20గా ఉండేది, 2025 ఏప్రిల్ 6 నుంచి దాన్ని 46.50కి దించారు. గ్యాస్ దొరికే వనరులు పెరగాలని ఆ పని చేశారు. అంతకు రెండేళ్ల ముందు, తక్కువ పీడనం గొట్టాల్లోకి వెళ్లే గ్యాస్‌లో ఆక్సిజన్ హద్దును 1 శాతానికి పెంచారు. బయోమీథేన్ ఉత్పత్తిదారులకు అది ఊరట. పొడి గొట్టంలో ఆ ఆక్సిజన్‌తో ఇబ్బంది లేదు. ఎక్కడైనా నీరు నిలిచి ఉంటే మాత్రం తుప్పుకు కావాల్సిన రెండూ ఒకచోట చేరినట్టే.

నెదర్లాండ్స్‌ది ఇంకో దారి. 1959లో అక్కడ గ్రోనింగెన్‌లో దొరికిన గ్యాస్‌లో సుమారు 14 శాతం నైట్రోజనే. దేశంలోని పొయ్యిలన్నీ దానికి తగ్గట్టే తయారయ్యాయి. భూకంపాల వల్ల 2023 అక్టోబరులో ఆ బావులు ఆపేశారు. ఇప్పుడు వేరేచోటి నుంచి వచ్చే మేలురకం గ్యాస్‌లో పనిగట్టుకుని నైట్రోజన్ కలిపి ఇళ్లకు పంపుతున్నారు. పొయ్యిలు మార్చడం కంటే గ్యాస్‌ను మార్చడం తేలికని వాళ్లు తేల్చుకున్నారు. పక్కనున్న జర్మనీ మాత్రం ప్రాంతం తర్వాత ప్రాంతంగా లక్షల పరికరాలను సరిచేస్తూ ఈ దశాబ్దం చివరికల్లా పూర్తిచేయాలని చూస్తోంది.

ఇక మన నేల మీదికి వద్దాం. ఈ సంగతి చెప్పకుండా ఈ ప్రసంగం ముగించలేను.

2014 జూన్ 27 తెల్లవారుజామున, కోనసీమలోని మామిడికుదురు మండలం నగరం గ్రామంలో తాటిపాక నుంచి వెళ్లే 18 అంగుళాల గెయిల్ గ్యాస్ పైప్‌లైన్ పగిలి మంటలు లేచాయి. 20 మందికి పైగా చనిపోయారు. నిద్రలో ఉన్నవాళ్లు, టీ కాచుకుంటున్నవాళ్లు. కొబ్బరి చెట్లు నిలువునా కాలిపోయాయి. విచారణలో తేలిన ముఖ్యమైన మాట: పొడి గ్యాస్ కోసం వేసిన గొట్టంలో, నీరు, కండెన్సేట్ అనే ద్రవ హైడ్రోకార్బన్లు కలిసిన తడి గ్యాస్ వెళ్లింది.

అంటే ఏమిటో చెబుతాను. గ్యాస్‌లో కార్బన్ డయాక్సైడ్ ఉన్నంత మాత్రాన ఉక్కుకు ఏమీ కాదు. నీరు తోడైతే అది కార్బానిక్ ఆమ్లం అవుతుంది. నీరు ఎప్పుడూ పల్లానికే చేరుతుంది కాబట్టి, గొట్టం అడుగుభాగంలో, అందులోనూ గొట్టం కాస్త కిందికి వంగిన చోట్ల ఆ ఆమ్లం నిలుస్తుంది. అక్కడ లోపలి నుంచి ఉక్కును తింటుంది. గొట్టానికి బయట పూత ఉంటుంది, తుప్పు పట్టకుండా కాథోడిక్ ప్రొటెక్షన్ అని సన్నని విద్యుత్తు కూడా పంపుతారు. అవి రెండూ బయటి గోడను కాపాడేవే. లోపలి గోడకు అసలు కాపలా గ్యాస్ పొడిగా ఉండటమే. పొడి గ్యాస్ అన్న మాట ఒప్పంద పత్రంలో నాణ్యత గళ్లలో ఒక గడి. ఆ ఊరికి అదే ప్రాణం. తడిని తీసే డీహైడ్రేషన్ యూనిట్‌ను ఖర్చు కిందో, తర్వాత చూసుకోవచ్చునన్న పని కిందో ఎవరు లెక్కేసినా నేను ఒప్పుకోను. అది గొట్టంలో భాగం. అది లేకపోతే ఆ గొట్టం పూర్తికానట్టే.

తడి వల్ల ఇంకో ఇబ్బంది పీడనం తగ్గించే చోట్ల వస్తుంది. గ్యాస్ పీడనం 1 బార్ తగ్గితే దాని ఉష్ణోగ్రత సుమారు అర డిగ్రీ పడిపోతుంది. ఒకే చోట 40 బార్లు తగ్గిస్తే 20 డిగ్రీలు చల్లబడుతుంది. మన ఎండల్లో కూడా రెగ్యులేటర్ ఒంటి మీద చెమట పట్టి కారుతుండటం పీడనం తగ్గించే స్టేషన్లలో పనిచేసేవాళ్లు రోజూ చూసేదే. లోపల తేమ ఉంటే మీథేన్, నీరు కలిసి హైడ్రేట్ అనే గడ్డగా మారి, రెగ్యులేటర్‌ను నడిపే సన్నని పైలట్ లైన్లను మూసేస్తాయి. సున్నా డిగ్రీల దాకా రానవసరం కూడా లేదు.

కొలిచే పరికరాల గురించి ఒక మాట. గ్యాస్‌లో ఏది ఎంత ఉందో చెప్పేది క్రొమాటోగ్రాఫ్. మన స్టేషన్లలో ఎక్కువగా అది హీలియం వాయువు సాయంతో పనిచేస్తుంది. ప్రతి వాయువు వేడిని మోసుకుపోయే తీరులో హీలియంతో ఉన్న తేడాను బట్టి కొలుస్తుంది. హైడ్రోజన్ ఆ విషయంలో హీలియంకు చాలా దగ్గర. అందుకని హైడ్రోజన్ కలిపిన గ్యాస్ పంపితే ఆ పరికరం దాన్ని సరిగ్గా చూడలేదు. ఆర్గాన్‌తో పనిచేసే మరో ఏర్పాటు కావాలి. ఒక ఘనపు మీటరు హైడ్రోజన్ ఇచ్చే వేడి సహజవాయువు ఇచ్చేదానిలో సుమారు మూడో వంతే. కొలత తప్పితే బిల్లు తప్పుతుంది. వినియోగదారు తక్కువ వేడికి ఎక్కువ డబ్బు కడతాడు.

ఇదంతా ఇప్పుడు ఎందుకు చెబుతున్నానంటే, మన దేశంలో అంకెలు మారుతున్నాయి. గుజరాత్‌లోని కవాస్‌లో ఎన్‌టీపీసీ టౌన్‌షిప్‌లో 2023 జనవరి నుంచి వంటగ్యాస్‌లో హైడ్రోజన్ కలుపుతున్నారు. మొదట 5 శాతం, తర్వాత 8 శాతం. సీఎన్‌జీలోనూ ఇళ్ల పైపు గ్యాస్‌లోనూ కంప్రెస్డ్ బయోగ్యాస్ వాటా తప్పనిసరి చేశారు: 2025-26లో 1 శాతం, తర్వాత 3, ఆపైన 4, 2028-29 నుంచి 5 శాతం. పేడ, చెరకు మడ్డి, ఊరి చెత్త నుంచి గ్యాస్ తీసి వాడుకోవడం మంచి పని. రైతుకూ మంచిది, దిగుమతుల బిల్లుకూ మంచిది. నేను దాన్ని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. కాబట్టే దాని వల్ల గొట్టానికి చెడ్డపేరు రాకూడదని ఆరాటపడుతున్నాను.

బయోగ్యాస్‌కు భారతీయ ప్రమాణం ఐఎస్ 16087 ప్రకారం కనీసం 90 శాతం మీథేన్ ఉండాలి. సముద్రం బావుల గ్యాస్‌లో ఉండే ఈథేన్, ప్రొపేన్ ఇందులో ఉండవు. అంటే రబ్బరు రింగులకు మేరీల్యాండ్‌లో ఎదురైన పరిస్థితే. మురుగు నుంచి తీసిన గ్యాస్‌లో సిలోక్సేన్లు మిగిలితే, కాలినప్పుడు తెల్లని ఇసుక పొడిగా మారి ఇంజిన్ల లోపల, బర్నర్ల మీద పేరుకుంటాయి. పైగా పెద్ద బావి నుంచి వచ్చే గ్యాస్ నెలల తరబడి ఒకే తీరుగా ఉంటుంది. చిన్న బయోగ్యాస్ ప్లాంటులో శుద్ధి యంత్రం ఒక పూట పడకేస్తే రెండో పూటకే గ్యాస్ మారిపోతుంది. నా దృష్టిలో హద్దు కంటే ఈ ఊగిసలాటే పరికరానికి ఎక్కువ దెబ్బ. ఈ వారం ఉబ్బి, వచ్చే వారం ముడిచి, మళ్లీ ఉబ్బే రింగు ఎంతకాలం నిలుస్తుంది? ప్రమాణాల్లో ఎంత ఉండాలో రాస్తున్నాం. ఎంత వేగంగా మారవచ్చో కూడా రాయాలి.

మనకు ఒక అనుకూలత ఉంది. మన నగరాల్లో వీధి గొట్టాలు చాలావరకు ఈ మధ్య వేసిన నారింజ రంగు పాలిథీన్‌వి. వాటి అతుకులు వేడితో కరిగించి కలిపినవి. అక్కడ నారా లేదు, రింగూ లేదు. కానీ వాల్వులున్నాయి, రెగ్యులేటర్లున్నాయి, ఇంటి మీటరు దగ్గర మరలు బిగించిన అతుకులున్నాయి. వాటిలో ఏ రబ్బరు వాడారో, ఏ సంవత్సరం బిగించారో, దేశంలోని ప్రతి పంపిణీ సంస్థ దగ్గరా పట్టిక ఉండాలి. బయోగ్యాస్ కలిపే చోటికి దిగువన ఉన్న ప్రతి స్టేషన్‌లో మొదటి ఏడాది ఫిల్టర్లను మామూలుకంటే తరచుగా విప్పి చూడాలి. అందులో దొరికిన పొడిని పారేయకుండా ప్రయోగశాలకు పంపాలి. తుప్పా, గంధకమా, సిలికానా అన్నది ఆ పొడే చెబుతుంది. లీకు పట్టే బృందాలు కలపకముందు ఒకసారి, కలిపాక మొదటి చలికాలంలో మరోసారి అవే వీధులు తిరగాలి. రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి జనానికి చూపించాలి. రింగులు మార్చాల్సి వస్తే ఆ ఖర్చు గ్యాస్ కలిపినవారిదా, పంపినవారిదా, వాడుకున్నవారిదా అన్నది కలపడానికి ముందే తేల్చి, ప్రమాణం అచ్చయ్యే గెజిట్‌లోనే రాయాలి. మేరీల్యాండ్‌లో తప్పు ఎవరిదన్న వివాదంతోనే ఏళ్లు గడిచాయి.

మీ ఇంటికి పైపు గ్యాస్ ఉంటే, తనిఖీకి వచ్చిన మనిషి మీటరు దగ్గర సబ్బునీళ్లు రాసి చూస్తున్నప్పుడు పక్కనే నిలబడండి. ఆ అతుకులో వాషరు ఎప్పుడు మార్చారో అడగండి. అడిగిన రోజు తేదీ రాసిపెట్టుకోండి.